ఓరుగల్లు చుట్టూ ఒక రాత్రి: టెంటు ఎక్కడ వేయాలి?

చలికాలం మొదలవగానే హైదరాబాద్‌లో ఉన్న మిత్రుల ఫోన్లు వరసగా వస్తాయి. "శనివారం వరంగల్ వస్తున్నాం. టెంటు వేసుకుని ఒక రాత్రి ఉండాలి. ఏది బాగుంటుంది?" హనుమకొండలో ఉండేవాడిని కాబట్టి జవాబు నోటి చివరే ఉంటుందని వాళ్ల నమ్మకం. నేనేమో ఎదురు ప్రశ్న వేస్తాను: పొద్దున కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఏముండాలి? నీళ్లా, చెట్లా, బండలా?

అవతల కాసేపు మాట ఉండదు. వాళ్ల చేతిలో అప్పటికే ఒక జాబితా ఉంటుంది. వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప, లక్నవరం, బొగత జలపాతం, వీలైతే మేడారం. పటంలో చూస్తే ఇవన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసల్లా కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి వచ్చే 163వ జాతీయ రహదారే ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా సాగి గోదావరి దాటుతుంది మరి. కానీ హనుమకొండ నుంచి బొగతకే సుమారు 130 కిలోమీటర్లు. ఒకటిన్నర రోజులో అన్నీ చుట్టి వచ్చినవారిని కదిలిస్తే గుడి గురించి రెండు మాటలు, రోడ్డు గురించి ఇరవై మాటలు చెబుతారు. ముందు రాత్రి మజిలీ తేల్చుకోండి. పగలు దాని చుట్టూ తనే సర్దుకుంటుంది.

చెరువు గట్టున అయితే

కాకతీయులు ఊరు కట్టిన చోట గుడి కట్టారు, గుడి కట్టిన చోట చెరువు కట్టారు. అందుకే ఈ ప్రాంతంలో ఆరుబయట గడపడమంటే ఎక్కువగా చెరువు గట్టున గడపడమే. లక్నవరం, రామప్ప, పాకాల, గణపురం చెరువులు అన్నీ ఆ కాలం నాటివే. ఎనిమిది వందల ఏళ్లు కావస్తున్నా ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. విహారానికి వచ్చేవారు మరచిపోయే సంగతి ఇదే. యాసంగి వరికి తూము ఎత్తాక నీటిమట్టం రోజురోజుకూ దిగుతుంది. ఫొటోలో చూసి ముచ్చటపడిన నీటి అంచు, మీరు ఏప్రిల్‌లో వెళ్లేసరికి చాలా దూరం జరిగిపోయి మధ్యలో పర్రెలు విచ్చిన బురద మిగులుతుంది. చెరువు ఒడ్డున రాత్రి ఉండాలనుకుంటే అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకానే నా సలహా.

లక్నవరం గురించి అందరికీ తెలుసు. చల్వాయి దగ్గర రహదారి వదిలి కుడికి తిరిగితే, గుట్టల మధ్య పరచుకున్న నీళ్లు, వాటిలో దీవులు, దీవులను కలిపే వేలాడే వంతెనలు. హనుమకొండ నుంచి రెండు గంటల లోపు ప్రయాణం. పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి, భోజనశాల ఉంది, పడవలు ఉన్నాయి, మరుగుదొడ్లు ఉన్నాయి. చిన్నపిల్లలతో, పెద్దవారితో, మొదటిసారి టెంటులో పడుకోబోయే వారితో వెళ్లేటప్పుడు ఈ చివరి మాట విలువ ఎంతో అర్ధరాత్రి తెలుస్తుంది.

అయితే శని, ఆదివారాల లక్నవరం వేరు, మంగళవారం లక్నవరం వేరు. సెలవు రోజుల్లో వంతెన మీద సెల్ఫీల వరస కదలదు. పక్క బృందం తెచ్చుకున్న స్పీకరు మోత గుట్టలకు తగిలి రెండింతలై తిరిగి వస్తుంది. ఒకసారి డిసెంబరు చివరి వారంలో వెళ్లి, నీటి చప్పుడు వినాలని పడుకున్న మేము అర్ధరాత్రి దాకా పెళ్లి బారాతు పాటలే విన్నాం. అదే చోట మరో ఏడాది నవంబరులో, వారం మధ్యలో ఉన్నాం. తెల్లవారుజామున నీటి మీద పొగలా లేచిన మంచు, అందులోంచి నల్లగా బయటికి వచ్చిన ఒక్క నీటికాకి. సెలవు పెట్టగలిగితే వారం మధ్యలో లక్నవరానికి సాటి లేదు. పెట్టలేకపోతే దాన్ని పగటి మజిలీగా చూసి, రాత్రికి ఇంకో చోటు ఎంచుకోండి.

ఆ ఇంకో చోటు చాలామందికి రామప్ప కావచ్చు. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే పాలంపేట. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయం ఇది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుడి ఆవరణలో టెంటు వేయడం కుదరదు, కుదరకూడదు కూడా. కానీ కొద్ది దూరంలోనే రామప్ప చెరువు, దాని గట్టున పర్యాటక శాఖ వసతి ఉన్నాయి. పచ్చిక మీద టెంటులోనే పడుకోవాలన్న పంతం లేనివారికి దీన్ని మించిన ఏర్పాటు నాకు తెలియదు. కారణం పడక కాదు, వెలుతురు. హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులు గుడి దగ్గర దిగేది మిట్టమధ్యాహ్నం. ఆ ఎండలో నల్లరాతి స్త్రీ శిల్పాలైన మదనికలు నల్లగా మాత్రమే కనిపిస్తాయి. చెరువు గట్టున నిద్రలేచినవారు గుడి తలుపు తీసే వేళకే అక్కడ ఉంటారు. ఏటవాలు ఎండ స్తంభాల మధ్యకు జారినప్పుడు నాగిని మెడ వంపు, మదనికల నగల నీడలు ఒక్కొక్కటిగా తేలుతాయి. ఆ అరగంట కోసం రాత్రి అక్కడ ఉండవచ్చు. కోతులున్నాయి, అరటిపళ్ల సంచి చేతిలో ఊపుకుంటూ నడవకండి.

పాకాల సంగతి వేరు. ములుగు దారిలో కాకుండా నర్సంపేట వైపు ఉండటం వల్ల జాబితాలో చివరికి జారిపోతుంది. దాని ప్రశాంతతకు అదే కాపలా. హనుమకొండ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, నర్సంపేట దాకా ఆర్టీసీ బస్సులకు కొదవ లేదు. గణపతిదేవుని కాలం నాటి విశాలమైన చెరువు, చుట్టూ అభయారణ్యం. పక్షులు చూసే అలవాటున్నవారు, చేతిలో పుస్తకం పట్టుకుని గట్టు మీద కూర్చోగలవారు ఇక్కడికి రావాలి. సౌకర్యాల విషయంలో లక్నవరంతో పోటీ లేదు. అభయారణ్యం కాబట్టి ఎక్కడ పడితే అక్కడ టెంటు దించడం చెల్లదు. రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. నన్నడిగితే పాకాలను పగటికి ఉంచుకోండి. పొద్దున్నే ఏడింటికల్లా చేరి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర గట్టు మీద తిని, ఎండ ముదిరేలోగా తిరుగు ప్రయాణం. మొదటిసారి అక్కడ ఒక చేపల వేటగాడు మా టెంటు చూసి నవ్వాడు. "గాలి చెరువు మీది నుంచి వస్తోంది బాబూ, తలుపు అటు పెట్టారు. రాత్రికి మీరు పడుకోరు, టెంటు కూడా పడుకోదు." అనుమతితో వేసుకున్న టెంటే, బుద్ధి మాత్రం ఆయన చెప్పాకే వచ్చింది. అప్పటి నుంచి ఏ చెరువు ఒడ్డున వేసినా ముందు పిడికెడు మన్ను గాలిలోకి వదిలి చూస్తాను.

అడవిలో అయితే

పస్రా దాటాక రహదారికి రెండు వైపులా టేకు, మద్ది, ఇప్ప చెట్లు దగ్గర పడతాయి. ఏటూరునాగారం అభయారణ్యం రాష్ట్రంలోని పాతవాటిలో ఒకటి, విస్తీర్ణం సుమారు 800 చదరపు కిలోమీటర్లు. తాడ్వాయిలో అటవీశాఖ కట్టిన గుడిసెలు ఉన్నాయి. అడవిలో రాత్రి ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఓరుగల్లు చుట్టుపక్కల సరైన చోటు ఇదే. లక్నవరంలో చీకటి అంటే దీపాలు తక్కువగా ఉండటం. తాడ్వాయిలో చీకటి అంటే చేయి చాపితే చేయి కనిపించకపోవడం.

సొంత టెంటు అడవిలో వేసుకోవచ్చా అని అడిగేవారికి ఒకటే మాట: సొంతంగా వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అనుమతి లేకుండా తిరగడం, నిప్పు పెట్టడం నేరాలు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఇక్కడ ఎలుగుబంట్లు ఉన్నాయి, చిరుతలు ఉన్నాయి, అప్పుడప్పుడూ పులి అడుగుజాడల వార్తలు వస్తుంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలే వేళ మరీ జాగ్రత్త. తెల్లవారకముందే కోయ గూడేల ఆడవాళ్లు పూలు ఏరడానికి వస్తారు, వాళ్లకంటే ముందు ఎలుగుబంటి వస్తుంది. ఆ చెట్టు కింద చదును చూసి టెంటు వేసేది ఊరికి కొత్తవారే.

గాలి విషయం కూడా చెప్పాలి. 2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో సుడిగాలి లాంటిది వీచి వేలాది చెట్లను వేళ్లతో సహా పడదోసింది. అంతటి వింత మళ్లీ రావాలని లేదు. అయినా ఈ నేలలో చెట్ల వేళ్లు లోతుకు పోవని అప్పుడు అందరూ కళ్లారా చూశారు. ఎంత నీడనిచ్చినా మహావృక్షం కింద మంచం వేసుకోవద్దని పెద్దలు అనడం ఊరికే కాదు.

తాడ్వాయి ఎంచుకునేవారు రెండు లెక్కలు చూసుకోవాలి. ఒకటి ఫోను. అడవిలోకి దిగాక చాలా చోట్ల సిగ్నలు అందదు, ఇంట్లో ముందే చెప్పి బయలుదేరండి. రెండోది మేడారం జాతర. రెండేళ్లకోసారి మాఘ మాసంలో పౌర్ణమి వేళకు సమ్మక్క సారలమ్మల దగ్గరికి కోటి మందికి పైగా వస్తారు. దానికి నెల ముందు నుంచే మొక్కులు మొదలై రహదారి అంతా, బంగారమని పిలిచే మొక్కుబడి బెల్లం మోసే బండ్లతో నిండుతుంది. ములుగు శివార్లలో గట్టమ్మ తల్లి దగ్గర ఆగని వాహనం ఉండదు. జాతర చూడాలంటే అప్పుడే రావాలి. ఏకాంతం కావాలంటే ఆ రెండు నెలలు ఈ దారి వైపు చూడకూడదు. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు.

బొగత

బొగతను రాత్రి మజిలీగా నేను ఎవరికీ చెప్పను. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి, వాజేడు మండలం చీకుపల్లి దగ్గరికి చేరాలి. జలపాతం ఎత్తుకంటే వెడల్పు ఎక్కువ. నిండు వానాకాలంలో చూస్తే ఒళ్లు ఝల్లుమంటుంది. చిక్కు అక్కడే ఉంది: చూడదగ్గ రోజుల్లోనే దిగకూడదు, దిగదగ్గ రోజుల్లో చూడటానికి పెద్దగా ఉండదు. ప్రవాహం పెరిగినప్పుడు అటవీశాఖ నీళ్లలోకి దిగనివ్వదు, ఒక్కోసారి సందర్శనే ఆపేస్తుంది. ఆపినప్పుడు కోప్పడకండి. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, రాష్ట్రంలో అదొక రికార్డు. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసే వానలో ముప్పాతిక వంతు అక్కడ ఇరవై నాలుగు గంటల్లో కురిసింది. లక్ష్మీదేవిపేట రామప్పకు దగ్గరి ఊరే. ఇక్కడి వాగులు ఎగువన కురిసిన వానకు పొంగుతాయి, మీ నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు కూడా. వాగు ఇసుక మెత్తగా ఉందని అందులో టెంటు వేసేవారిని చూస్తే నాకు గుండె జారుతుంది.

సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో తాడ్వాయిలో రాత్రి ఉండి, పొద్దున్నే బొగత చూసి వెనక్కి తిరగడం మంచి పద్ధతి. హనుమకొండ నుంచి పొద్దున బయలుదేరి రాత్రికి తిరిగి రావడమూ కుదురుతుంది, నడిపేవారి నడుముకు ఓపిక ఉంటే.

బండల మీద అయితే

నీళ్లూ చెట్లూ కాక రాయి కావాలనేవారు తక్కువ. వాళ్లకు మాత్రం పరకాల దారిలో పాండవుల గుట్ట ఉంది. భూపాలపల్లి జిల్లా రేగొండ మండలం రావులపల్లి దగ్గర, హనుమకొండ నుంచి గంటన్నర. ఇసుకరాయి గుట్టలు నిలువునా చీలి గోడల్లా, సందుల్లా, గుహల్లా నిలబడ్డాయి. ఆ గోడల మీద ఆదిమానవులు వేసిన బొమ్మలు ఉన్నాయి. 1990లో వెలుగులోకి వచ్చిన ఈ ఎర్రరంగు చిత్రాల్లో జంతువులు, మనుషులు, గుర్తులు కనిపిస్తాయి. వెయ్యేళ్ల గుడులు చూసి ఆహా అన్న మనిషి, వాటికి కొన్ని వేల ఏళ్ల ముందరి జింకను చూసి మాట రాక నిలబడటం నేను చూశాను.

రాతి మీద ఎక్కడం, తాడుతో దిగడం నేర్చుకునేవారికి ఈ చుట్టుపక్కల ఇదే చోటు. శిక్షణ ఇచ్చేవారితో, తలకు హెల్మెట్‌తో మాత్రమే. ఇసుకరాయి వాన పడ్డ మరునాడు కూడా తడిగా, పెళుసుగా ఉంటుంది. పట్టు చిక్కిందనుకున్న అంచు చేతికి ఊడి వస్తుంది. అందుకే డిసెంబరు, జనవరి. ఎండాకాలంలో పది గంటలకే బండ కాలుతుంది. నీళ్లు అక్కడ దొరుకుతాయనుకోకుండా మనిషికి నాలుగు లీటర్లు మోసుకెళ్లండి. బొమ్మల మీద చేయి వేయకండి, తడి గుడ్డతో తుడిచి ఫొటో తీసే పాపం అసలే వద్దు. రాత్రి ఉండేందుకు సౌకర్యాలు లేవనే లెక్కలో వెళ్లి, సాయంత్రానికి హనుమకొండ చేరడం మేలు.

ఊరు దాటే తీరిక లేనివారికి

ఉన్నది ఒక్క సాయంత్రమే అయితే ఇంత దూరాలు ఎందుకు? ఓరుగల్లు పేరు పుట్టిందే ఒక రాయి నుంచి. కోటలో ఆ ఏకశిల గుట్ట ఎక్కి కూర్చుంటే మట్టికోట వలయం, రాతికోట వలయం, కీర్తితోరణాలు, వాటి మధ్య ఇప్పటికీ పండే పొలాలు కనిపిస్తాయి. హనుమకొండలో పద్మాక్షి గుట్ట, అగ్గలయ్య గుట్ట జైనుల కాలాన్ని గుర్తు చేస్తాయి, రెండూ అరగంటలో ఎక్కేయవచ్చు. భద్రకాళి చెరువు గట్టు నడకకు ఉండనే ఉంది. రాత్రికి పక్క లాడ్జిలో మెత్తని పరుపు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

సామాను సంగతి

టెంటు కొనాలా, అద్దెకు తీసుకోవాలా అన్న ప్రశ్నకు నా లెక్క ఇది: ఏడాదికి మూడుసార్లు వెళ్లేవారు కొనవచ్చు. మిగిలినవారికి అద్దె చాలు, కానీ తెచ్చుకున్న రోజే ఇంటి మేడ మీద ఒకసారి నిలబెట్టి చూడండి. ఒకసారి అద్దెకిచ్చిన చోట సంచి విప్పి చూడలేదు. చెరువు ఒడ్డున చీకట్లో విప్పితే మూడు కర్రలకు రెండే ఉన్నాయి. మూడో కర్ర స్థానంలో రాత్రంతా మా బావమరిది చేయి ఉంది. ఆయన ఇప్పటికీ ఆ విషయం పెళ్లిళ్లలో చెబుతుంటాడు.

చెరువు ఒడ్డుకు పైకప్పు రెండు పొరలున్న టెంటు తీసుకోండి, ఒకే పొరైతే వాన లేకపోయినా మంచుకు గుడ్డ తడిసి లోపలికి చుక్కలు కారుతుంది. అడుగున పరిచే తాటిపత్రి టెంటు అంచు దాటి బయటికి రాకూడదు, వచ్చిందంటే కారిన మంచంతా మీ వీపు కిందికే చేరుతుంది. తాడ్వాయి వైపు దోమతెర మరవకూడదు. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా పాత చుట్టం. చలికి దుప్పటి ఒకటి చాలదు, రెండు తీసుకోండి. ఊళ్లో ఉన్నప్పుడు లేని చలి నీటి అంచున తెల్లవారుజామున నాలుగింటికి పలకరిస్తుంది. వంటకు చిన్న గ్యాస్ పొయ్యి, అదీ అనుమతి ఉన్న ఆవరణలోనే. కట్టెల మంట ఫొటోలో బాగుంటుంది. ఎండుటాకుల మధ్య దాన్ని ఆర్పడం మీ చేతిలో ఉండదు.

ఇక శనివారం బయలుదేరే నా మిత్రులకు, ఫోనులో చెప్పినట్టే: పిల్లలు ఉంటే లక్నవరంలో ముందుగా గది పట్టుకోండి, దొరకకపోతే రామప్ప. ఇద్దరే వస్తుంటే సందేహం లేదు, రామప్పే. అడవి కావాలంటే తాడ్వాయి, అటవీశాఖకు ఫోను చేశాకే. నలుగురు కుర్రాళ్లు తాళ్లు, హెల్మెట్లు వేసుకుని వస్తుంటే పరకాల దారి పట్టండి. ఎటు వచ్చినా హనుమకొండలో చీకటి పడకముందే బయలుదేరండి. ములుగు దాటాక రోడ్డు మీద సాయంత్రం పశువులు ఇళ్లకు మళ్లుతుంటాయి. అవి మీ హారన్ విని పక్కకు తప్పుకునే రకం కాదు.